మణికి నేనిచ్చిన మాత్రలు

ఏడేళ్ళుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. కక్కలేను, మింగలేను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. తెలిసినవాళ్ళకు చెప్పలేనిది తెలియనివాళ్ళకు చెప్పడం సులువేమోనని రాస్తున్నాను. విషయం వింటే మీకు నవ్వు రావచ్చు. ఒక కుక్క, దాని కడుపు, దానికి అయిన నల్లటి విరేచనం. అంతే. నవ్వండి, నవ్వాక మిగతాది కూడా వినండి.

కృష్ణగిరి బస్టాండు దగ్గర నాకొక మందుల అంగడి ఉంది. మా వైపు జనం డాక్టరు దగ్గరికి పోయే ముందు నా దగ్గరికే వస్తారు. నడుము నొప్పి అంటే ఒక మాత్ర, జలుబు అంటే ఒక మాత్ర, అడిగినవాడికి లేదనకుండా ఇచ్చేవాణ్ణి. ఒక్క కడుపు సంగతి మాత్రం నా చేతిలో లేదు. అది నా భార్య సరోజది. పసిబిడ్డలకు బేదులు పట్టుకుంటే మా వీధి ఆడవాళ్ళు నేరుగా ఆమె దగ్గరికి తెచ్చేవాళ్ళు. జాజికాయ అరగదీసి నాలుక మీద రాసేది, కొంచెం పెద్ద పిల్లలకైతే వాము కషాయం కాచి ఇచ్చేది. మరుసటి రోజుకు బిడ్డ ఆడుకునేది. సరోజ హస్తవాసి మంచిదని అందరూ అనేవాళ్ళు. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు కదా, నా అంగడికి నా ఇంట్లో ఉన్న విలువ అంతే. నా వ్యాపారానికి నువ్వే పోటీ అని ఆమెను ఆటపట్టించేవాణ్ణి. అది ఆటేనా? లోపల కొంచెం మంట ఉండేది. ఇప్పుడు దాచడం ఎందుకు, బాగానే ఉండేది.

మణి మా కుక్క. గోధుమ రంగు నాటు కుక్క. ఒక వానలో గేటు కింద నుంచి దూరి వచ్చి, ఇక పోలేదు. పిల్లప్పుడు దాని కడుపు ఒక పట్టాన కుదిరేది కాదు. ఒకరోజు నీళ్ళలాగా పోయేది, ఒకరోజు జిగటగా, ఒకరోజు పురుగులతో. సరోజే పెరుగన్నం పెట్టి, గంజి పోసి దాన్ని నిలబెట్టింది. పొద్దున్నే బయటికి తీసుకుపోయి, అది కూర్చుని లేచాక వంగి చూసి వచ్చేది. నాకు కాఫీ ఇస్తూ ఆ వార్త చెప్పేది, ఈరోజు గట్టిగా పోయిందని. ఆ సంతోషం ఆమె ముఖంలో చూడాలి. నేను ముక్కు మూసుకుని కాఫీ తాగేవాణ్ణి.

మణికి తొమ్మిదేళ్ళప్పుడు వెనక కాలు కుంటడం మొదలైంది. పశువుల డాక్టరుకు చూపిద్దామని సరోజ అంది. దీనికి కూడా డాక్టరెందుకు, నేను లేనా అనుకున్నాను. మనుషులకిచ్చే నొప్పి మాత్రను ఇడ్లీ ముక్కలో పెట్టి, సరోజ చూడకుండా రోజుకు రెండు చొప్పున ఇచ్చాను. మూడో రోజు మణి కుంటకుండా నడిచింది. నాకెంత గర్వమో చెప్పలేను. కాలు పూర్తిగా బాగయ్యాక ఇది నా వైద్యమే అని సరోజకు గొప్పగా చెబుదామని ఆగాను.

ఐదో రోజు పొద్దున ఆమె బయటి నుంచి వచ్చి కాఫీ పెట్టలేదు. మణికి నల్లగా, తారులాగా పోయిందని చెప్పింది. నేను పోయి చూశాను. మందులు అమ్మేవాడికి ఆ నలుపు అంటే ఏమిటో తెలియదా? లోపల ఎక్కడో రక్తం కారుతోందని. దేనివల్లో కూడా అక్కడే, ఆ క్షణమే తెలిసిపోయింది.

ఆటోలో డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. కుందారపల్లి వైపు మనిషి, చిన్నవాడు, మెల్లగా మాట్లాడేవాడు. మణి కడుపు నొక్కి చూసి నా వైపు తిరిగాడు.

"ఏమప్పా, నొప్పి మాత్రలేమన్నా ఇచ్చినారా? ఇచ్చింటే చెప్పండి, దాన్ని బట్టే నేను మందు ఇవ్వాల."

"లేదు సార్," అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. "ఆదివారం ఈమె కోడి ఎముకలు పెట్టింది. అవే గుచ్చుకొనింటాయి."

సరోజ నన్ను చూసింది. "ఎముకలన్నీ ఏరేసి ఉత్త అన్నమే పెట్టినానే," అంది. కాసేపటికి గొంతు తగ్గించి, "యాడన్నా ఒకటి పోయిందేమో సార్. నాదే తప్పు," అంది.

ఎందుకన్నాను ఆ మాట? మందుల అంగడివాడు తన కుక్కకే తప్పు మాత్రలు ఇచ్చాడని ఊరికి తెలిస్తే ఏమవుతుందన్న భయమా? లేక ఒక్కసారైనా ఆమె చెయ్యి తప్పయితే చూడాలన్న కోరికా? ఆ రెండో ప్రశ్నకు నేను ఎప్పుడూ జవాబు వెతకలేదు, వెతికితే దొరుకుతుందని. డాక్టరు ఎముక గీసుకుందనే నమ్మి, దానికి తగ్గ మందు ఇచ్చి, రెండు రోజులు చూద్దామన్నాడు. ఆ రెండు రోజుల్లో ఎప్పుడైనా ఫోన్ చేసి నిజం చెప్పి ఉండవచ్చు. ఆయన నంబరు నా జేబులోనే ఉంది. మూడో రోజు మధ్యాహ్నం మణి సరోజ ఒడిలో తల పెట్టుకుని పోయింది.

ఆ తరువాత సరోజ జాజికాయ ముట్టలేదు. ఎవరైనా బిడ్డను తెస్తే, నా చెయ్యి మంచిది కాదమ్మా, అంగడికి పోండి అని పంపేసేది. వాళ్ళు నా అంగడికే వచ్చేవాళ్ళు. నేను మందు ఇచ్చేవాణ్ణి. పోయిన వారం మా కూతురు హోసూరు నుంచి తన పది నెలల పాపను తెచ్చింది. పాపకు బేదులు. అమ్మా, నువ్వే ఏమన్నా ఇవ్వు అని బతిమాలింది. సరోజ మనవరాలిని ఒళ్ళో కూర్చోబెట్టుకుందే గాని, దాని నోటి దగ్గరికి చెయ్యి పోనివ్వలేదు. అది చూశాకే ఇది రాయడం మొదలుపెట్టాను.

ఇక్కడిదాకా రాసి లేచాను. సరోజ వసారాలో అనపకాయలు ఒలుస్తోంది. ఎదురుగా కూర్చుని ఉన్నదంతా చెప్పాను. మాత్రలు, ఇడ్లీ ముక్కలు, జేబులో పెట్టుకుని తిరిగిన నంబరు, ఆమె హస్తవాసి మీద నా కుళ్ళు, అన్నీ. ఆమె ఒలవడం ఆపలేదు. నేను ముగించాక ఒక్కటే అడిగింది.

"ఆ పొద్దు డాక్టరుకు చెప్పింటే బతికిండునా?"

అప్పటికే దానికి వయసైపోయింది, ఎట్లాగూ పోయేదేమో అని చెప్పవచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"బతికిండొచ్చు," అన్నాను.

సరోజ చాట తీసుకుని లోపలికి పోయి తలుపు వేసుకుంది. ఇది రాస్తున్నంతసేపూ ఆ తలుపు తెరుచుకోలేదు. తెరిచాక ఏమంటుందో, అసలు మాట్లాడుతుందో లేదో తెలియదు. క్షమించమని నేను అడగలేదు, అడగను కూడా. ఏడేళ్ళు ఆమె నెత్తిన పెట్టినదాన్ని ఒక్క పూటలో దించమంటే ఎట్లా? అయినా మణిని చంపింది తన చెయ్యి కాదని ఆ గదిలో ఉన్న మనిషికి ఇప్పుడు తెలుసు.