పది శాతం తగ్గించిన రోజు

మాది వినుకొండలో బట్టల కొట్టు. మెట్టెక్కిన మనిషి ఉత్త చేతులతో దిగిపోతుంటే మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించేది కాదు. వెళ్ళిపోయేవాణ్ణి ఆపే మాట ఏదైనా మంచి మాటే. సర్జరీలో పీజీ సీటు వచ్చాక కూడా ఆ బుద్ధి తెల్లకోటు కింద అలాగే ఉంది.

మొదటి ఏడాది నన్ను కాలిన గాయాల వార్డులో వేశారు. ఒకరోజు పొద్దున్నే పర్చూరు వైపు నుంచి ఒక రైతును తెచ్చారు. పొగాకు ఆకును వేడికి ఆరబెట్టే బ్యారన్‌లో ఎండిన ఆకు జారి వేడి గొట్టం మీద పడి భగ్గుమందట. ఛాతీ, వీపు పైభాగం, రెండు చేతులు, మెడ కాలాయి. వాటి మీద ఎవరో మెత్తిన పసుపు. రోగి అరచేయంత మేర ఒంట్లో ఒక శాతమని లెక్క. చూసుకుంటే నలభై తేలింది.

"ఎంత శాతం సార్?" అంది భార్య. మా వైపు ఇప్పుడు అందరూ ముందడిగేది అదే.

"నలభై ఉంటుందమ్మా."

వెంట వచ్చిన ఆమె అన్నయ్య వెనక్కి తిరిగి డ్రైవర్ని కేకేశాడు. "ఒరేయ్, బండి తీసేయమాకు! నలభై అన్నోడు మా ఊళ్ళో ఒక్కడూ బతికిరాలా. ఇంటికి తీసుకుపోతే పిల్లలన్నా కళ్ళారా చూసుకుంటారు."

"మళ్ళీ చూడండి బాబూ, ముప్పై అనండి, ఇక్కడే ఉంటాం," అంది ఆమె నా చెయ్యి పట్టుకుని.

మళ్ళీ చూసినట్టు నటించాను. "పసుపు వల్ల ఎక్కువ కనిపించిందమ్మా. ముప్పయ్యే."

స్ట్రెచర్ ఆగింది. అన్న నా భుజం మీంచి కేసు షీటులోకి తొంగిచూస్తుంటే అందులోనూ ముప్పయ్యే రాశాను. తర్వాత దిద్దుదామనుకున్నాను. ఇంతలో మరో కేసు వచ్చింది. నా తెలివికి నేనే మురిసిపోతూ అటు వెళ్ళాను.

ఎక్కించాల్సిన సెలైన్‌ను ఆ శాతాన్ని బట్టే లెక్కగడతారు. తక్కువైతే కిడ్నీలు ఆగిపోతాయి. ఇది నేను పరీక్షలో పేజీన్నర రాసిన సంగతి.

మధ్యాహ్నం సిస్టర్ పిలిచింది. "డాక్టరుగారూ, యూరిన్ బ్యాగు చూశారా? గంటకి పది మిల్లీలు కూడా రావట్లేదు."

గొట్టంలో ఉన్న ఆ కాస్తా డికాషన్ రంగులో ఉంది. దిద్దుతానన్న షీటు గుర్తొచ్చింది. చంపేశాననుకున్నాను. మా ప్రొఫెసర్ మేడమ్ గదికి పరుగెత్తాను.

"నలభైని ముప్పై అని రాశాను మేడమ్. వాళ్ళు తగ్గించమన్నారు."

"వాళ్ళు అడుగుతారయ్యా. ఇచ్చింది నువ్వు."

ఆవిడ వచ్చి సెలైన్ వేగం పెంచారు. "మూత్రం వచ్చేదాకా ఈ మంచం దగ్గర్నుంచి కదలకు. వాళ్ళకి నిజం నువ్వే చెప్పు," అన్నారు.

చెబితే తీసుకుపోతారు. చెప్పకుండా ఉండే దారి ఏదైనా ఉందా అని ఆ క్షణంలో కూడా వెతికాను. లేదు.

"నలభయ్యే అమ్మా. తప్పు రాశాను. సెలైన్ తక్కువ వెళ్ళింది. ఇప్పుడు పెంచాం."

"చూశావా! ఈ డాక్టర్ని నమ్మి..." అంటూ అన్న మంచం కమ్మీ పట్టుకున్నాడు.

ఆమె అతని చెయ్యి తోసేసింది. "ఆయన్ని కదిలించావంటే ఊరుకోను అన్నాయ్. ఈ బాబు తప్పు చేశాడు, ఈ బాబే కూర్చుంటాడు."

కూర్చున్నాను. నేలమీద, బ్యాగు పక్కన. రైతు భార్యా పక్కనే చతికిలబడింది. ఇద్దరం ఆ గొట్టాన్నే చూస్తూ ఉన్నాం. నాలుగు దాటాక ఒక చుక్క జారింది, వెనకే ఇంకొకటి. గంట తిరిగేసరికి ముప్పై మిల్లీలు, రంగు కాస్త పలచబడి.

సిస్టర్‌కి చెబుదామని లేచాను. కేసు షీటు తీసి, పొద్దున రాసిన ముప్పై శాతం కొట్టేసి నలభై అని రాశాను.