తోటకి తాళం

అమలాపురం నుంచి రాజోలు వెళ్ళే బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దావిడ ఒళ్ళో గోనెగుడ్డలో చుట్టిన కొడవలి ఉంది. నా చేతిలో షోరూమువాళ్ళిచ్చిన రెండు బొమ్మల కాగితాలున్నాయి. ఒకటి మినీ ట్రాక్టరు, రెండోది కూర్చుని నడిపే గడ్డి కోత బండి. ట్రాక్టరైతే దున్నుతుంది కూడా. రెండోదైతే కొబ్బరి మొదళ్ళ మధ్య ఉన్నచోటే తిరుగుతుంది. ఏది కొనాలో వారం నుంచి తేలడం లేదు.

"దేనికండి బాబూ అయ్యి?" అందావిడ.

"తోటలో గడ్డి మోకాలెత్తు పెరిగిపోయిందండి. రాలిన కాయ కనపడటం లేదు."

"గేదెలున్నోళ్ళు కోసుకుపోవట్లేదాండి?"

"ఇదివరకు ఊరికే కోసుకుపోయేవారు. కాయలు కూడా పట్టుకుపోతున్నారని కిందటేడు గేటు పెట్టి తాళం వేశానండి."

"ఆయ్," అని ఆవిడ కాసేపు ఆ బొమ్మల వంక చూసింది. "గేటెట్టేకా కాయలు ఎక్కువొచ్చేయాండి?"

రాలేదు. కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆవిడ కొడవలి పట్టుకుని తాటిపాకలో దిగిపోయింది.

చివరికి గడ్డి కోత బండే కొన్నాను. అది లోపలికి పట్టకపోతే, గేటు రెండింతలు వెడల్పు చేయించాను.