సౌదీ పెట్టె, ఐర్లండ్ పెట్టె

2005వ సంవత్సరం. తెనాలిలో రైల్వే స్టేషనుకి నడిచి వెళ్ళేంత దూరంలో, ఒక బట్టల కొట్టు పైన, మేడ మీద నా ఫొటో స్టూడియో ఉండేది. బాపట్ల నుంచి రేపల్లె దాకా విదేశం వెళ్ళినవాళ్ళెవరూ నా కెమెరా ముందు కూర్చోకుండా విమానం ఎక్కలేదు. అని నేను చెప్పుకునేవాణ్ణి. నిజానికి ఆ వీధిలోనే ఇంకో మూడు స్టూడియోలుండేవి. అందులో ఒకదానికి ఏసీ కూడా ఉండేది. ఏసీ లేకపోయినా ఫర్వాలేదు, కాసేపు కబుర్లు వినొచ్చు అనుకునేవాళ్ళు నా మెట్లెక్కేవాళ్ళు.

వీసా ఫొటో అంటే మామూలు ఫొటోయే కదా అనుకుంటారు చాలామంది. కాదు. ఒక్కో దేశానికి ఒక్కో స్పెసిఫికేషన్ ఉంటుంది, అంటే ఫొటో ఎలా ఉండాలో వాళ్ళిచ్చే కొలతల పట్టిక. అమెరికాకి రెండంగుళాల చదరం కావాలి. ఇంకొకరికి నిలువు ఫొటో కావాలి. ఒక దేశం వెనక తెల్లగుడ్డ కట్టమంటుంది, ఇంకొకటి నీలం కట్టమంటుంది. చెవులు కనపడాలి, పళ్ళు కనపడకూడదు. వెనక షాడో పడకూడదు, అంటే గుడ్డ మీద తల నీడ కనిపించకూడదు. కొన్నాళ్ళు అమెరికా గ్రీన్ కార్డుకి మొహం ఓ పక్కకి తిప్పి కుడిచెవి చూపించమనేవాళ్ళు. మన ఆడవాళ్ళ జడల్లోంచి ఆ చెవిని బయటికి తీసేసరికి ఒక పూట గడిచేది.

ఇవన్నీ నాకు నోటికొచ్చు. కొలతలు తెలిసినవాడికి దేశాలు కూడా తెలిసే ఉంటాయని జనం అనుకున్నారు. వాళ్ళ పొరపాటుని నేను సరిదిద్దలేదు. పైగా గోడకి ఒక ప్రపంచపటం తగిలించాను. ఎవరైనా "బాబాయి గారూ, కెనడా మంచిదా, ఆస్ట్రేలియా మంచిదా?" అని అడిగితే, లైటు అటూ ఇటూ జరుపుతూ తీర్పు చెప్పేవాణ్ణి. నా మాట విని దేశం మార్చుకున్నవాళ్ళు వందమంది ఉంటారు. సరే, పదిమంది ఉంటారు. ఆ పదిమందిలో ఒకతె సుగుణ.

సుగుణది పెనుమూడి. రేపల్లెలో ఒక నర్సింగ్ హోములో స్టాఫ్ నర్సు. భర్త శేషు కౌలు వ్యవసాయం చేసేవాడు. వాళ్ళకి ఏడేళ్ళ పాప, పేరు నవ్య. ఒక శనివారం పొద్దున్నే రేపల్లె ప్యాసింజరు దిగి ముగ్గురూ మేడెక్కి వచ్చారు. సుగుణ చేతిలో రెండు కవర్లున్నాయి.

"రెండు చోట్ల నుంచి వచ్చినయ్యండి బాబాయి గారూ," అంది. "సౌదీలో ఆస్పత్రి వాళ్ళు తీసుకున్నారు. సోమవారం విజయవాడలో ఏజెంటుకి పాస్‌పోర్టు, ఫొటోలు ఇస్తే నెలలో వెళ్ళిపోవచ్చు. రెండోది ఐర్లండండి. ఇంటర్వ్యూ అయిపోయింది గానీ ఇంగ్లీషు పరీక్ష తప్పాను. రాయడంలో అర మార్కు తగ్గింది. మళ్ళీ రాయాలి."

"అది పాసైతే అప్పుడు చూసుకోవచ్చులే," అన్నాడు శేషు. "చేతిలో ఉన్నది వదులుకుంటామేంటి? బాబాయి, మీరు చెప్పండి. ఎంతమందిని పంపారు మీరు."

నేను పంపింది ఫొటోల్ని. ఆ మాట అక్కడే అని ఉండాల్సింది.

సుగుణ అడిగింది ఒక్కటే. "నాకు జీతం సంగతి తర్వాతండి. పాప నా దగ్గర ఉండటానికి ఏది వీలవుద్దో అది చెప్పండి. ఐర్లండులో ఉద్యోగం కుదురుకున్నాక ఇంటివాళ్ళని పిలిపించుకోవచ్చంట. సౌదీ అయితే ఏజెంటు ఏడాది తర్వాత చూద్దాం అంటున్నాడు."

"అంట, అంట అని దేశాలు దాటతావా అమ్మాయ్?" అన్నాను నేను. కుర్చీలోంచి లేచి పటం దగ్గరికి వెళ్ళాను. నా పద్ధతి అది. "ఐర్లండంటే ఏంటనుకున్నావ్? ఏడాదిలో పది నెలలు మంచు. ఎండ మొహం చూడక పసిపిల్లలు పాలిపోతారు. బియ్యం మందుల షాపులో అమ్ముతారు. సౌదీ అలా కాదు, మన ఎండే, మన తిండే. ఏడాది తిరక్కుండా వీళ్ళిద్దర్నీ పిలిపించుకుంటావ్. మనవాళ్ళు ఎంతమంది పిలిపించుకోలేదు?"

"చూశావా?" అన్నాడు శేషు భార్యతో. "ఇంక ఆ పరీక్ష గోల మానెయ్."

సుగుణ ఐర్లండ్ కవరు మడిచి చేతిసంచిలో పెట్టేసింది. "బాబాయి గారు చెప్పాక ఇంకేముందండి. సౌదీకే తియ్యండి," అంది.

తెల్లగుడ్డ దించి, లైట్లు సర్ది, సుగుణ ఫొటో తీశాను. తీసి కెమెరా మూసేలోపు, నా స్టూడియోలో అద్దం ఉన్న మూల ఏదో తగువు వినిపించింది. సుగుణ పాప జడ విప్పి మొగుడి చేతికి దువ్వెన ఇచ్చింది.

"మూడు పాయలు. రెండు కాదు. కుడిది మధ్యకి, ఎడమది మధ్యకి. బిగించు."

"నాన్నా, నొప్పి."

"గట్టిగా లాగితే నొప్పి అంటది, వదిలేస్తే ఊడిపోద్ది. ఎలాగే ఇది?" అన్నాడు శేషు. వరికట్టలు కట్టే చేతులవి. జడ కట్టినట్టు లేదు, మోపు కట్టినట్టుంది.

"ఏడాదే కదా. నేర్చుకో," అంది సుగుణ. "స్కూలుకి జుట్టు విరబోసుకుని పోద్దా?"

ఆ ఊడిపోయే జడతోనే నవ్య నా దగ్గరికి వచ్చి నిలబడింది. "తాతయ్యా, ఏడాది తర్వాత నేను కూడా వెళ్తా కదా, నా ఫొటో ఎంత సైజు తీస్తారు?" అంది.

నేను నోరు తెరిచి ఏదో ఒక కొలత చెప్పబోయాను. నాకు చెప్పడం కష్టం కాదు. కానీ అడిగింది నా వృత్తి గురించి. నా వృత్తిలో మటుకు నేను అబద్ధమాడను. సౌదీ వెళ్ళిన నర్సు పిల్లకి వీసా ఫొటో ఏ సైజులో తీశానో ఎంత గుర్తు చేసుకున్నా గుర్తు రాలేదు. "పెట్టెలో చూసి చెప్తానమ్మా, రేపు సాయంత్రం రండి, ఫొటోలిస్తాను," అని పంపించాను.

ఆ రోజుల్లో ఇంకా మాది ఫిల్ము కెమెరాయే. తీసిన నెగెటివ్‌ని, అంటే ఫొటో అచ్చు వేసే ఫిల్ము ముక్కని, పారేసేవాళ్ళం కాదు. మళ్ళీ కాపీలు అడుగుతారు కదా. కాగితం కవర్లో పెట్టి, పైన పేరు, ఊరు, ఎందుకు తీసిందీ రాసి, ఖాళీ ఫొటో పేపరు అట్టపెట్టెల్లో పడేసేవాణ్ణి. వీసాలవి దేశానికొక పెట్టె. వెళ్ళినవాళ్ళ ఇంట్లోవాళ్ళు తర్వాత ఏ ఫొటోకి వచ్చినా అదే పెట్టెలో, వాళ్ళ కవరు పక్కనే పెట్టేవాణ్ణి. వెతుక్కోవడం తేలికని అలా చేశాను తప్ప ఇంకో ఉద్దేశం లేదు.

భోజనం చేసొచ్చి సౌదీ పెట్టె ముందేసుకున్నాను. నర్సుల కవర్లు ఒక్కొక్కటే తీశాను. బాపట్ల అమ్మాయి, కాకుమాను అమ్మాయి, రేపల్లె వాళ్ళు ఇద్దరు, ఇంకా కొందరు. పక్కన పిల్లల కవర్లు కూడా ఉన్నాయి. అమ్మయ్య అనుకుని కవరు మీద రాత చదివాను. 'పుట్టినరోజు. అమ్మకి పంపడానికి.' దాని వెనక కవరు చూస్తే అదే పిల్ల, మళ్ళీ పుట్టినరోజు, మళ్ళీ అమ్మకి పంపడానికి. ఒక్క పిల్లవే ఆరు కవర్లు. నెగెటివ్‌లు తీసి లైటుకి పెట్టి చూశాను. మొదటిదాంట్లో బుట్టచేతుల గౌను, ఆరోదాంట్లో వోణీ. నేను తీసినవే. ఏటా తీశాను, ఏటా కబుర్లు చెప్పి నవ్వించాను, ఏటా ఆ పిల్ల పెరగడం చూశాను. ఎందుకు తీస్తున్నానో మాత్రం ఒక్కసారీ ఆలోచించలేదు.

సౌదీ వెళ్ళిన ఇంజనీర్లూ డాక్టర్లూ కొందరు ఇంటిల్లిపాదినీ తీసుకెళ్ళారు. వాళ్ళ కవర్లూ అందులోనే ఉన్నాయి. వెళ్ళిన నర్సుల్లో కూడా ఇళ్ళు నిలబెట్టుకున్నవాళ్ళున్నారు, వాళ్ళ కష్టాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ ఒక నర్సు పిల్లకి వీసా ఫొటో తీసిన కవరు ఆ పెట్టెలో ఒక్కటీ లేదు.

ఐర్లండ్ పెట్టె చిన్నది. అందులో నర్సుల కవర్లు కొద్దిగానే ఉన్నాయి. చాలావాటి పక్కన ఏడాదికో ఏడాదిన్నరకో ఇంకో కవరుంది. 'భర్త, పిల్లలు. వీసా.' ఆ తర్వాత ఆ పిల్లల కవర్లు ఇంకేం లేవు. వెళ్ళిపోయారు. గిరాకీ లెక్కన చూస్తే సౌదీ పెట్టే నాకు నయం. ఆ పాడు ఆలోచన కూడా వచ్చింది. దాచడం ఎందుకు?

మర్నాడు సాయంత్రం ముగ్గురూ వచ్చారు. సుగుణ ఫొటోలు కవర్లో పెట్టి సిద్ధంగా ఉంచాను గానీ ఇవ్వలేదు.

"కూర్చో అమ్మాయ్. నిన్న నేను చెప్పినవన్నీ నోటికొచ్చినవి," అన్నాను. "నేను మద్రాసు దాటి వెళ్ళినవాణ్ణి కాదు. ఆ మద్రాసు కూడా కెమెరా రిపేరుకి."

శేషు మొహం ఎర్రబడింది. "అదేంటి బాబాయి? మంచు, మందుల షాపులో బియ్యం, అవన్నీ?"

"మంచు ఒక కేలండరులో చూశాను. బియ్యం సంగతి అప్పటికప్పుడు పుట్టింది."

"పెద్దమనిషని అడిగితే ఆటలాడారా మాతో? పిల్ల బతుకు కదండి."

నేను రెండు పెట్టెలూ బల్ల మీద పెట్టి మూతలు తీశాను. ఎవరి పేరూ కనపడకుండా కవర్లు నా వైపుకి తిప్పుకుని, రాసిన మాటలు మాత్రం చదివి వినిపించాను. ఆ ఆరు పుట్టినరోజుల నెగెటివ్‌లూ వరసగా కింద లైటు వెలిగే గాజుబల్ల మీద పేర్చాను. ఒకళ్ళ బిడ్డ ఫొటోలు ఇంకొకళ్ళకి చూపించడం మా వృత్తిలో తప్పే. ఆ తప్పు తెలిసే చేశాను.

"దేశాల సంగతి వదిలెయ్యమ్మా," అన్నాను. "ఎవరి పిల్లలు ఏ ఫొటోకి మళ్ళీ నా దగ్గరికొచ్చారో అదొక్కటే నాకు తెలుసు."

సుగుణ కుర్చీ ముందుకి జరుపుకుని, వంగి ఒక్కొక్కటే చూసింది. ఆరోదాని దగ్గర ఆగిపోయింది.

"వీళ్ళమ్మ వచ్చేసిందాండి?"

"ఇంకా రాలేదమ్మా."

"జడ ఎవరేస్తున్నారో," అంది, తనలో తను అనుకున్నట్టు. తలెత్తి అడిగింది. "సౌదీ వదిలేసి, ఆ పరీక్ష మళ్ళీ తప్పితే ఏం చెయ్యనండి బాబాయి గారూ?"

అరవై ఏళ్ళు నిండినవాణ్ణి. అప్పటిదాకా నేను వాడని మాట ఒకటుంది. "నాకు తెలియదమ్మా," అన్నాను.

సుగుణ ఫొటోలు తీసుకుంది. సోమవారం విజయవాడ వెళ్ళలేదు.

ఇక్కడితో ఆపితే నాకు గౌరవంగా ఉండేది. కానీ ఆ అమ్మాయి రెండోసారీ పరీక్ష తప్పింది. మళ్ళీ రాయడంలోనే, మళ్ళీ అర మార్కే. సౌదీ ఉద్యోగం అప్పటికే ఇంకొకరికి వెళ్ళిపోయింది. రేపల్లె బస్టాండులో శేషు నన్ను చూసి మొహం తిప్పుకుని వెళ్ళిపోయాడు. అతని తప్పేం లేదు. చేతిలోని కూడు నా మాట మీదే వదిలేసుకున్నారు. ఆ తర్వాత రెండు నెలలు మేడ మెట్ల మీద అడుగుల చప్పుడైతే చాలు, వాళ్ళేనేమో అని కిందికి తొంగిచూసేవాణ్ణి.

తర్వాత సుగుణకి ఇంగ్లీషు నేర్పించి పాస్ చేయించింది నేనే. నేనంటే, తెనాలి పక్కనే అంగలకుదురులో ఉండే ఒక రిటైర్డ్ ఇంగ్లీషు మాష్టారు. ఆయన్ని వారం రోజులు బతిమాలి ఒప్పించింది నేను. ప్రతి ఆదివారం సుగుణ ప్యాసింజరు దిగితే స్కూటరు మీద అక్కడికి దింపేవాణ్ణి. ఆయన వ్యాసం రాయిస్తుంటే అరుగు మీద కూర్చుని కాఫీ తాగేవాణ్ణి. "మీ దగ్గర వాక్యాలున్నాయమ్మా, వరస లేదు," అని ఆయన ఆ అమ్మాయితో అనడం విని, నాక్కూడా అదే జబ్బు కదా అనుకునేవాణ్ణి.

మూడోసారి పాసైంది. మరుసటి ఏడు వేసవి దాటాక వెళ్ళింది. వెళ్ళేముందు మేడెక్కి వచ్చి కాళ్ళకి దణ్ణం పెట్టబోతే వెనక్కి జరిగాను. ఆ దణ్ణానికి తగిన పని నేనేం చెయ్యలేదు.

పద్నాలుగు నెలల తర్వాత ఒక పొద్దున శేషు పాపని తీసుకుని వచ్చాడు. గుమ్మంలో నిలబడి, "ఇద్దరికీ వీసా ఫొటోలు బాబాయి," అన్నాడు.  నవ్య జడ చూశాను. మూడు పాయలు, నున్నగా, బిగువుగా, చివర రిబ్బను.

"ఎవరేశారే?" అన్నాను.

"నాన్నే. అమ్మకి ఫోన్లో చెప్తే నమ్మట్లేదు," అంది.

స్పెసిఫికేషన్ ప్రకారం నవ్వకూడదు. ఆ పిల్లకి నోరు మూసుకుని కూర్చోవడం చేతకాలేదు. ఒక ఫిల్ము రోలు సగం అయిపోయింది. చివరికి శేషు "నవ్వితే రానివ్వరంట అక్కడికి," అని బెదిరిస్తే, ఒక్క క్షణం పెదాలు బిగించింది. నొక్కాను. కవరు మీద 'భర్త, పాప. వీసా.' అని రాసి ఐర్లండ్ పెట్టెలో, సుగుణ కవరు పక్కన పెట్టాను.

ఆ తర్వాత కూడా జనం నన్ను దేశాల గురించి అడుగుతూనే ఉన్నారు. నేనూ పూర్తిగా మారిపోయానని చెప్పను, కెమెరా ముందు కూర్చున్నవాళ్ళ బిగువు తగ్గించడానికి ఒకటీ అరా కల్పించి చెప్పేవాణ్ణి. కానీ ఎవరైనా పిల్లల సంగతి ఎత్తితే నోరు కట్టేసుకుని, అక్కడున్న మనవాళ్ళని కనుక్కుని అడగమని పంపేవాణ్ణి. చాలామందికి సుగుణ ఫోను నంబరే ఇచ్చాను. డ్యూటీ దిగి అలసిపోయి ఉండి కూడా ఒక్కొక్కళ్ళకి ఓపిగ్గా, తెలిసింది తెలిసినట్టు చెప్పేదట.

నలభై ఏళ్ళ వృత్తిలో ఎన్నో మొహాలు చూశాను. ఎవరికైనా రుణపడ్డానంటే ఆ అమ్మాయికే. నా అబద్ధం నమ్మినవాళ్ళు తెనాలి, బాపట్ల, రేపల్లె మూడు ఊళ్ళలోనూ ఉన్నారు. అది అబద్ధమని నేనే ఒప్పుకున్న తర్వాత కూడా లేచి వెళ్ళిపోకుండా, కుర్చీ ముందుకి జరుపుకుని నా రెండో మాట విన్నది ఆ అమ్మాయి ఒక్కతే.