ఇరవై ఎనిమిది ముళ్ల దారం

నా చిన్నప్పుడు, నాకు ఎనిమిదేండ్లుంటాయేమో, మా అమ్మకు ఎనిమిదో నెలలోనే నొప్పులొస్తే ఆళ్లగడ్డ నుంచి బస్సులో నంద్యాల ఆసుపత్రికి తీసుకుపోయినారు. అమ్మకు తోడు మా అవ్వ, అవ్వకు తోడు నేను. పుట్టిన తమ్ముడు రెండు అరచేతుల్లో పట్టేంత ఉన్నాడు. ఏడిస్తే పిల్లికూన మూలిగినట్టుండేది. అంతకు రెండేండ్ల ముందు పుట్టినవాడూ ఇట్లాంటి బిడ్డే. పదకొండో దినం తలకు నీళ్లు పోసి సాంబ్రాణి పొగ వేసినాక ఒళ్లు చల్లబడి, మళ్లీ కండ్లు తెరవలేదు. ఆ మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. ఆ నీళ్లు పోసింది మా అవ్వే.

ఆసుపత్రిలో కొలిమిగుండ్ల తట్టు నుంచి వచ్చిన నర్సక్క ఒకామె ఉండేది. బిడ్డ చీటీ రాస్తా "నియోనేట్" అనింది. అంటే ఏందక్కా అని అడిగినాను. పుట్టినప్పటి నుంచి ఇరవై ఎనిమిది దినాలు నిండేదాకా ఏ బిడ్డనైనా డాక్టర్లు ఆ మాటతోనే పిలుస్తారంట. ఒంటి వెచ్చదనం నిలుపుకునే సత్తువ అప్పటికింకా చాలదంట, నెల తక్కువ బిడ్డకైతే మరీనంట. అందుకని వీణ్ని తల్లి రొమ్ముకే ఆనించి పెట్టుకోవాల, చన్నుపాలు తప్ప ఏమీ పోయగూడదు, అన్ని దినాలూ తలకు నీళ్లు తగలగూడదు అని చెప్పింది.

అవ్వ మొగం తిప్పుకునింది. "నియోనేటో, ఇంగోటో! ఆరుమందిని కన్యా. ఏ నర్సమ్మ చెప్పింది నాకు? పదకొండు దినాలకు పురుడు తీరినాక ఇంగేం నేమం?"

నర్సక్క అవ్వ దండచేతికున్న తాయెత్తుల తట్టు ఒకసారి చూసింది. కట్టు కట్టే గుడ్డ అంచు పొడుగ్గా చించి, పేని, ఇరవై ఎనిమిది ముళ్లు వేసి నా చేతికిచ్చింది.

"దినానికొకటి విప్పు పాపా. ముడి ఉన్నన్నాళ్లూ వీడు నియోనేటే." అంతే అనింది. మంత్రం ఊసే ఎత్తలేదు.

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చినా ఆ దారాన్ని అమ్మ మంచం కోడుకే కట్టుకుని దినామూ పొద్దున్నే ఒకటి విప్పేదాన్ని. పదకొండో దినం మేనత్తలు దిగినారు. కాగులో నీళ్లు కాగుతాండాయి, నిప్పుల మీద సాంబ్రాణి పొగ లేస్తాంది. నేను పోయి గడపకు అడ్డంగా కూర్చున్నాను.

"లేయ్ మే!" అనింది పెద్దత్త.

"ఇంకా పదిహేడు ముళ్లుండాయి అత్తా. లేసేది లేదు."

"ఎంత పొగరే దీనికి! యాడ నేర్చుకున్యావే?" అని రెక్క పట్టి లాగింది. నేను రెండు చేతులా గడప పట్టుకున్నాను.

అంతలో అవ్వ వచ్చింది. మంచం కోడుకున్న దారం తట్టు చూసింది. ఎవరో కట్టిన ముడిని గడువు తీరకముందే విప్పితే కీడని నమ్మే మనిషి ఆమె.

"నీళ్లు తల్లికి పోయండి. బిడ్డను తాకొద్దండి," అనింది.

ఆ పొద్దు నుంచి నాకన్నా గట్టి కాపలా మా అవ్వదే. ఆఖరి ముడి విప్పబోతే తనే చెయ్యి చాపింది. గోళ్లతో తడుముకుంటా విప్పింది. తమ్ముడు కాళ్లు తన్నుకుంటాండాడు.

"ముందోనికి ఈ దారం ఎవురూ ఇయ్యకపోయిరే," అనింది.

నా చదువు రెండో తరగతితోనే ఆగింది గానీ నియోనేట్ అనే ఆ ఒక్క మాట మటుకు మర్చిపోలేదు. మావాళ్లలో ఎవరింట బిడ్డ పుట్టినా ఇప్పటికీ ఇరవై ఎనిమిది ముళ్లు వేసి, మాట అర్థం చెప్పి ఇచ్చి వస్తాను. తల్లి చేతికి కాదు, ఆ ఇంట్లో బిడ్డకు నీళ్లు పోసే చేతికి.