మల్లవ్వ పథ్యం

ముంబయి దగ్గరి పద్మనగర్‌లోని ఆ గల్లీలో పథ్యం సంగతికొస్తే మల్లవ్వ మాటే చట్టం. అప్పీలు లేదు. దగ్గొస్తే నెయ్యి బంద్, కడుపు జారితే నూనె బంద్, జ్వరమొస్తే అన్నమే బంద్. నలభై ఏండ్లు సాంచాల, అంటే మరమగ్గాల, కార్ఖానాలో నూలు కండెలు చుట్టిన ఆ చేతులు ఎందరినో మాడ్చి బతికించాయి.

అంతటి మల్లవ్వ సొంత మనుమరాలు శ్రద్ధ దగ్గర ఓడిపోయింది. ఏడేండ్ల పిల్ల పెద్దమనిషంత తిని పుల్లలా ఉంటుంది, ఎప్పుడూ దగ్గు. ముంబయి ఆసుపత్రిలో దీన్ని సిస్టిక్ ఫైబ్రోసిస్ అన్నారు. పుట్టుకతో వచ్చిన జబ్బు, కొవ్వును అరిగించే రసం పేగుల్లోకి సరిగా దిగదట. నెయ్యి, గుడ్లు, పల్లీలు దండిగా పెట్టాలి, ఉప్పు కూడా ఎక్కువే. ప్రతి తిండికీ ముందు ఆ రసం లోటు తీర్చే క్యాప్సూల్ గోలీ. ఆరు నెలల్లో కిలో పెరగకపోతే పొట్టకు గొట్టం పెట్టి తిండి ఎక్కించాలి.

మల్లవ్వ తన నలభై ఏండ్ల శాసనాన్ని ఒక్కపూటలో రద్దు చేసింది. అన్నంలో నెయ్యి మడుగులు కట్టింది. శుక్రవారం సాంచాలు బంద్ ఉన్నప్పుడు సేటును అడిగి, నూలు తూచే కాంటా మీద పిల్లను కూచోబెట్టేది. మూడు నెలలైనా అంకె మొదటినాటి పదహారు కిలోలు దాటలేదు.

ఒకరోజు కోడలు శృతి పని నుంచి తొందరగా వచ్చేసరికి అత్త చిన్న రోట్లో ఏదో నూరుతోంది.

"ఏంది అత్తా అది?"

"గోలీలు. పిల్లకు మింగుడు పడుతలేదు. విప్పితే గసగసాలసొంటి గింజలున్నయ్. మెత్తగ నూరి వేడి నెయ్యన్నంల కలుపుతున్న. తల్లివి, నీకు గింత సోయి ఉన్నదా?"

శృతి వెంటనే ఆసుపత్రికి ఫోన్ కలిపింది. ఆహారం చూసే మేడమ్ అవతలి నుంచి గాభరాగా చెప్పింది: విప్పొచ్చు, కానీ నూరొద్దు, వేడిలో కలపొద్దు. గింజ మీది పూత పోతే మందు పేగుల దాకా పోకుండా పొట్టలోనే చచ్చిపోతుంది. చల్లని ఆపిల్ గుజ్జు మీద చల్లి, నమలకుండా మింగించాలి.

మల్లవ్వ పొత్రం పక్కన పెట్టింది.

"గంజి పెట్టని పోగును సాంచెకెక్కిస్తే తెగుతదని లోకానికి చెప్పెటిదాన్ని. గింజ మీది గంజి నా చేతులతోనే గీకేసిన్నా బిడ్డా?"

"నేను గూడ అడగలే గదా అత్తా. ఏడ్వకు. నీ పథ్యం కంటే గిదే నయం, నెయ్యన్న దక్కింది పిల్లకు."

అప్పటినుంచి చెంచాడు గుజ్జు, దాని మీద గింజలు, తర్వాత నోట్లో గింజ మిగిలిందేమోనని మల్లవ్వ పోలీసు తనిఖీ.

"ఆ అను. నాలుక లేపు."

"పోట్ భర్లా, అవ్వా, బస్!" అని శ్రద్ధ కడుపు తట్టి చూపినా ఇంకో ముద్ద తప్పదు.

ఆరో నెల చివరి శుక్రవారం కాంటా పదిహేడున్నర చూపింది. మల్లవ్వ నమ్మలేదు. కండె బరువు తీసేసి నూలు తూచిన మనిషి. చెప్పులు విప్పించింది, గాజులు తీయించింది, జేబులో పల్లీలు ఖాళీ చేయించింది. పదిహేడు కిలోల యాభై గ్రాములు.

"గొట్టం వద్దు గదా అవ్వా?"

"డాక్టరు చెప్పాలె," అని ముక్కు చీదుకుని పిల్లను కాంటా మీంచి ఎత్తింది. నడుము కలుక్కుమంది. ఆ నొప్పి సంగతి సాయంత్రం గల్లీలో ఎదురైన వాళ్లందరినీ ఆపి మరీ చెప్పింది, ఎంతో గొప్పగా.