లప్పంలో ఇనప్పొడి

అతణ్ణి అందరూ అద్దం మేస్త్రి అంటారు. అద్దాలు బిగించే పని కాదు అతనిది. గుద్దుకున్న కార్ల రేకు సాపు చేస్తాడు. అతను సాపు చేసిన తలుపులో చూసుకుని తల దువ్వుకోవచ్చని ఎవరో అన్నారు, ఆ పేరే అతుక్కుపోయింది. నలభై ఏళ్లు సుత్తి మోత విన్న చెవులు సగమే పనిచేస్తాయి. అందుకని అందరితోనూ పోట్లాడుతున్నట్టే మాట్లాడతాడు. భార్యతో మాత్రం నిజంగానే పోట్లాడతాడు. సొట్ట ఎక్కడుందో కళ్లతో వెతకడు. కళ్లు మూసుకుని, అరచేతి కింద పాత నూలుగుడ్డ పెట్టుకుని రేకంతా నిమురుతాడు. వెంట్రుకవాసి ఎత్తుపల్లమైనా ఆ చేతికి దొరికిపోతుంది.

ఆ సోమవారం పొద్దున షెడ్డులోకి ఈడ్చుకొచ్చిన కారును అతను నిమరలేదు. చూడగానే గుర్తుపట్టాడు.

మీగడ రంగు, గుండ్రటి దీపాలు, యాభై ఏళ్ల నాటి కారు. మందుల షాపాయనది. కూడలిలో వ్యాను ఒకటి వచ్చి ఎడమపక్క గుద్దింది. ఆయనకు మణికట్టు బెణకడంతో సరిపోయింది. కారుకు మాత్రం తలుపులు రెండూ లోపలికి ముడుచుకుపోయాయి.

"నా చెయ్యి పోయినా ఇంత బాధ ఉండేది కాదు మేస్త్రీ. దీన్ని నువ్వే బతికించాలి," అన్నాడు షాపాయన, కట్టు కట్టిన చేత్తోనే బానెట్ తడుముతూ.

వెంట కూతురు వచ్చింది, చంకలో ఏడాది పిల్లతో. "బతికించడం సరే నాన్నా, రిపేరు చేస్తే గట్టిగా ఉంటుందా లేదా అన్నది ముందు అడగండి. వారంలో నాలుగు రోజులు ఈ పిల్లను కూర్చోబెట్టేది ఇందులోనే."

"కారుకు పునర్జన్మ ఇచ్చిందే ఇతను. ఇతన్నేం అడుగుతావమ్మా?"

మేస్త్రి చూసి రేపు చెబుతానన్నాడు.

వాళ్లు వెళ్లాక కారు కింద దూరాడు. ఆ కారుకు తలుపుల కిందుగా, ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా రేకు దూలం ఒకటి పోతుంది, రెండు పక్కలా. మనిషికి వెన్నెముక ఎలాగో దానికి ఆ దూలాలు అలాగ. ఎడమ దూలం బిస్కట్టులా పొడైపోయి ఉంది. వ్యాను తగిలినందుకు అంత కాకూడదు. ఎందుకయిందో అతనికొక్కడికే తెలుసు.

పన్నెండేళ్ల కిందట కారును బాగుచెయ్యడానికి రంగు గీకినప్పుడే ఆ దూలాలు తుప్పు తినేసి ఉన్నాయి. వేలు పెడితే లోపలికి దిగేది. కోసి పారేసి కొత్త రేకు అతకాలి. మూడు వారాల పని. పాత కార్ల ప్రదర్శనకు అయిదే రోజులున్నాయి. అందులో కారు పక్కన మేస్త్రి పేరు కూడా రాస్తారు. ఆ పేరు కోసం తుప్పు మీద తీగల జాలీ వేసి, పైన గుంటలు పూడ్చే లప్పం మందంగా పూశాడు. కానీ షాపాయన జేబులో ఎప్పుడూ ఒక అయస్కాంతం ఉండేది. రేకుంటే అంటుకుంటుంది, లప్పముంటే జారిపోతుంది. "నా చెవిలో పువ్వులు పెట్టడం ఎవరి తరమూ కాదు," అని నవ్వుతూ కారంతా ఆనించి చూసేవాడు. మేస్త్రి గ్రైండరు కింద పడ్డ ఇనప్పొడి ఊడ్చి, జల్లెడ పట్టి, లప్పంలో కలిపాడు. అయస్కాంతం అంటుకుంది. కారుకు మొదటి బహుమతి వచ్చింది. ఆ తర్వాత పాత కార్లున్న వాళ్లంతా ఆ షెడ్డు వెతుక్కుంటూ వచ్చారు.

మధ్యాహ్నం భార్య క్యారియరు విప్పుతూ మొత్తం విన్నది.

"చెయ్యలేనని పంపెయ్యండి. ముసలాడైపోయాడనుకుంటారు. అది అబద్ధం కూడా కాదు."

"నేను పంపిస్తే ఇంకొకడు చేస్తాడే. ఎడమపక్క ముడతలు తీసి రంగు కొడతాడు. కుడిపక్క అసలు ముట్టుకోడు. అక్కడా అదే లప్పం."

"పన్నెండేళ్లు కదలకుండా ఉందిగా."

"ఎడమది కూడా మొన్నటిదాకా కదల్లేదు."

ఆమె కంచంలో అన్నం పెట్టింది. "చెబితే రేపటి నుంచి ఈ షెడ్డు గుమ్మం ఎవరూ తొక్కరు. తెలుసుగా?"

"తెలుసు."

"అయితే తినండి. అన్నం చల్లారిపోతోంది."

మర్నాడు తండ్రీ కూతుళ్లు రాగానే మేస్త్రి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. జాలీ, లప్పం, ఇనప్పొడి, ఏదీ దాచలేదు. ఎడమపక్క రాలిన పెళ్లలు దోసిట్లో పోసి చూపించాడు.

షాపాయన పగలబడి నవ్వాడు. "పాత బండిలో గుప్పెడు లప్పం ఉండదూ? ఓపిక లేకపోతే లేదని చెప్పు మేస్త్రీ, ఈ కథలెందుకు? దీని ఒళ్లంతా నేను పరీక్ష చేసిందే." జేబులోంచి అయస్కాంతం తీసి కుడిపక్క దూలానికి ఆనించాడు. టక్కున అంటుకుంది. చెయ్యి వదిలేసి కూతురి వైపు గర్వంగా చూశాడు. "చూశావా? నిక్షేపంలాంటి రేకు. పక్కవీధి వాడి దగ్గర చేయిస్తాను."

మేస్త్రి ఆ అయస్కాంతం వైపు చూశాడు. పన్నెండేళ్ల కిందటి తన పనితనం ఇప్పుడు తన మాటనే అబద్ధం చేస్తోంది. ఇంక ఏం చెప్పినా ఆయన వినడు. సుత్తి అందుకుని, అయస్కాంతానికి జానెడు పక్కన కొట్టాడు.

"ఏయ్! నీకేమైనా పిచ్చా?" షాపాయన చెయ్యి పట్టుకోబోయాడు.

రెండో దెబ్బకు మీగడ రంగు పెళ్ల ఒకటి ఊడి, అయస్కాంతంతో సహా నేల మీద పడింది. వెనక తుప్పు పట్టిన జాలీ, దాని వెనక చీకటి. దూలం ఉండాల్సిన చోట ఏమీ లేదు.

షాపాయన వంగి ఆ కన్నంలోకి చాలాసేపు చూశాడు. లేచి మేస్త్రి వైపు తిరిగాడు. "నా కూతురి పెళ్లి ఊరేగింపు ఇందులోనే చేశాను. పురిటికి ఆస్పత్రికి ఇందులోనే తీసుకెళ్లాను. నువ్వు మా వీధిలోంచి వెళుతూ చూసేవాడివి. చెయ్యి ఊపేవాడివి."

"తప్పయింది సార్."

"రిపేరు వద్దు. కోయించి పారేస్తాను." ఆయన బయటికి నడిచాడు.

కూతురు కదల్లేదు. పిల్ల ఆ పెళ్ల కోసం చెయ్యి చాపితే వెనక్కి లాక్కుంది. "మేస్త్రి గారూ, ఇనప్పొడి ఈ ఒక్క కారులోనే కలిపారా?"

ఈ ప్రశ్న వస్తుందని అతను అనుకోలేదు. ఒక్క కారు గురించే రాత్రంతా గుండె దిటవు చేసుకున్నాడు. అవునంటే అయిపోతుంది. ఆమె వెళ్లిపోతుంది.

"ఇంకో మూడున్నాయమ్మా."

ఆమె ఫోను తీసింది. "ఎవరెవరివి? చెప్పండి, రాసుకుంటాను."

"హెడ్మాస్టరు గారిది. ఆకుపచ్చ కారు."

"ఇప్పుడెక్కడుంది?"

అతను గోడ గడియారం వైపు చూశాడు. తొమ్మిది కావస్తోంది.

"రోడ్డు మీదే ఉంటుందమ్మా. మనవల్ని బడికి దింపే వేళ."