ఫ్లాస్కులో గడ్డ

ఆ రోజుల్లో నాకు రెండు విషయాల మీద గట్టి నమ్మకం ఉండేది. నేను సైంటిస్టుననీ, నేను అద్దెకున్న ఇంటావిడ దొంగచాటుగా నా ఫ్లాస్కు మూత తీస్తోందనీ. (మొదటిది ఇంకా తేలలేదు.) ఎనభైల మొదట్లో ఖిలా వరంగల్‌లో ఒక మగ్గాల వాళ్ళింట్లో గది తీసుకుని ఉండేవాణ్ణి. దవాఖానలో ఆపరేషన్ చేసి తీసిన గడ్డల్లోంచి మా సారు చిన్న ముక్క అడిగి తెప్పించేవారు. దాన్ని ఐసులో పెట్టి పొద్దుటి రైలుకు హైదరాబాదు తీసుకెళ్ళడం నా పని. అక్కడ పెద్ద అయస్కాంతం ఉన్న యంత్రంలో పెడితే, ముక్కలోని రసాయనాలు కాగితం మీద గీతలుగా వచ్చేవి. క్యాన్సరు గడ్డ గీతలు వేరుగా ఉంటాయా అన్నదే మా పరిశోధన. (ఉంటాయని సారు, చూద్దామని యంత్రం.)

"ఫ్లాస్కుల ఏమున్నది బిడ్డా?" అని ఇంటావిడ మొదటి రోజే అడిగింది. "గడ్డ" అని నోరు జారాను. గది ఖాళీ చేయిస్తుందేమోనని భయం వేసి, "ఉల్లిగడ్డ, పెద్దమ్మా" అని సర్దుకున్నాను. ఉల్లిపాయను కూడా గడ్డ అనే ఊళ్ళో పుట్టినందుకు సంతోషించాను. ఆమె సంతోషించలేదు. "ఉల్లిగడ్డను ఐసుల ఎవలు పెడ్తరు?" అంది. అప్పట్నుంచి నేను బయల్దేరినప్పుడల్లా గడపలో నిలబడేది. "ఇయ్యాలటి గడ్డ ఎంతున్నది, రేగుపండంతనా? నొప్పి లేస్తదా?" ఉల్లిగడ్డకు నొప్పేమిటని నాకు తట్టనే లేదు. నన్ను పట్టించడానికే అడుగుతోందనుకుని, ఫ్లాస్కును ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేయసాగాను.

ఒక పొద్దున తలుపుకు అడ్డంగా నిలబడింది. "అబద్ధం ఎందుకాడుతానవ్ బిడ్డా? దవాఖాన కాంపౌండరు మా చుట్టమే. అవి ఆడోళ్ళ రొమ్ముల గడ్డలట గద, హైద్రాబాదుల మిషన్ల పెట్టి చూస్తరట." ఒప్పుకున్నాను. గది పోయినట్టేననుకుని, కనీసం రైలుకైనా పోనిమ్మని బతిమాలాను. ఆమె కదల్లేదు. కొంగు సవరించుకుని, గొంతు తగ్గించింది. "కొయ్యకుంట చూస్తదా ఆ మిషను? నాకు గూడ ఉన్నది. రెండు నెలలాయె. ఎవలకు చెప్పలే."

ఆ రోజు రైలెక్కలేదు. మా మిషన్‌కు ముక్క కోసి ఇస్తే తప్ప ఏమీ తెలియదని చెప్పడానికి సిగ్గేసి, ఆమెను రిక్షాలో దవాఖానకు తీసుకెళ్ళాను. వట్టి కొవ్వు గడ్డేనని డాక్టరమ్మ తేల్చేదాకా నాకూ అన్నం సయించలేదు. తిరిగి వస్తూ, "నీ ఫ్లాస్కును నేనెన్నడు ముట్టలే, తాళం ఎందుకేస్తివి?" అని అడిగింది.

తర్వాత ఉద్యోగమంతా ఆ గీతలతోనే గడిపాను. గడ్డ తగిలితే దాచకుండా చూపించుకోవాలని ఊరూరా ఉపన్యాసాలిచ్చాను. రిటైరయ్యాక ఒక రోజు మెడ కింద చిన్న గడ్డ నా వేలికి తగిలింది. ఇరవై రోజులు కాలరు గుండీ పెట్టుకుని తిరిగాను. చివరికి మా ఆవిడ అనుమానంగా చూసి అదేమిటని అడిగితే, దోమ కుట్టిందన్నాను.